ట్రాక్ డేకి సొంత కారు తీసుకెళ్తే ఇన్సూరెన్స్ ఉంటుందా? కారు పంపే డేటా ఎవరి చేతికి వెళ్తుంది?

నాగావళి_టర్బో (శ్రీకాకుళం)

అన్నలకు నమస్కారం. కారు ఐ20 ఎన్ లైన్, 998 సీసీ టర్బో. కొని మూడో ఏడు, బ్యాంకు లోను ఇంకా నడుస్తోంది. ప్యాకేజీ పాలసీ (నా కారు నష్టానికీ, ఎదుటివాళ్ల నష్టానికీ), దాని మీద జీరో డెప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోయకుండా ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్లు ఉన్నాయి. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ట్రాక్ డేకి పేరు ఇద్దామని ఉంది. పోటీ లేదు, బహుమతి లేదు, ఇన్‌స్ట్రక్టర్ చెప్పినట్టు తిరగడమే. నాలుగు అనుమానాలు.

ట్రాక్‌లో గోడకి తగిలితే క్లెయిమ్ వస్తుందా? ఏజెంటుని అడిగితే "ఏటీ కాదు, అలగైతే హైవే మీద అయిందని రాసేద్దాం" అంటున్నారు. రెండోది, కారులో బ్లూలింక్ (కారుని నెట్‌కి, ఫోన్ యాప్‌కి కలిపే కంపెనీ సౌకర్యం) ఉంది. నేను ఎంత స్పీడులో, ఎక్కడ తిరిగానో ఇన్సూరెన్స్ వాళ్లకి తెలిసిపోయి రెన్యువల్‌లో ప్రీమియం పెరుగుతుందా? మూడోది, ఆర్గనైజర్లు ఫోటోలు, వీడియోలు నెట్‌లో పెడతారు, అందులో నంబరు ప్లేటు కనిపిస్తుంది. దాని వల్ల ఇబ్బంది ఉందా? నాలుగోది, తెలిసినవాళ్లు "చెన్నై దాకా ఎందుకు, భోగాపురం వైపు ఆరు వరుసల రోడ్డు తెల్లారుజామున ఖాళీయే కదా" అంటున్నారు.

వంశధార_క్లెయిమ్స్ (నరసన్నపేట)

బావూ, ముందు పాలసీ కాగితం తియ్యి. ప్రీమియం లెక్క కింద "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అని చిన్న అక్షరాల పేరా ఒకటి ఉంటుంది. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ నుంచి ప్రైవేటు కారు పాలసీల్లో దాదాపు అదే మాట వస్తోంది. కారుని అద్దెకు తిప్పినా, సరుకు రవాణాకి వాడినా, మోటారు వ్యాపారానికి వాడినా, ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్ (రేసులో ముందు నడిచి వేగం చూపడం), స్పీడ్ టెస్టింగ్, బండి దృఢత్వం చూసే రిలయబిలిటీ ట్రయల్స్‌లో వాడినా కవర్ లేదు. మిగతా వాడకానికి ఉంది.

పోటీ లేదు కాబట్టి రేసింగ్ కాదని నువ్వు వాదించవచ్చు. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ పక్కనే స్పీడ్ టెస్టింగ్ అనే మాట ఉంది. రేసుల కోసం కట్టిన ట్రాక్, హెల్మెట్, ఆర్గనైజర్‌కి కట్టిన ఫీజు రసీదు, నష్టానికి బాధ్యత నాదేనని సంతకం పెట్టిన ఇండెమ్నిటీ ఫారం, ఇన్ని ఎదురుగా పెట్టుకుని కంపెనీ సులువుగా డబ్బులిస్తుందని అనుకోకు. ట్రాక్ గేటు లోపల ఓన్ డ్యామేజ్ (నీ కారు నష్టానికి వచ్చే డబ్బు) సున్నా అనుకునే లెక్క వేసుకో. అసలు క్లెయిమే నిలవనప్పుడు జీరో డెప్, ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా ఆదుకోవు, అవి అసలు క్లెయిమ్ మీద కట్టిన మేడలు. ఓనర్-డ్రైవర్‌కి ఉండే 15 లక్షల తప్పనిసరి ప్రమాద బీమా కూడా అదే పాలసీలోని జనరల్ ఎక్సెప్షన్లకి లోబడి ఉంటుంది.

నిన్ను ఎక్కువ దెబ్బ కొట్టేది లోను. కారు బ్యాంకుకి తాకట్టు, అంటే హైపోథికేషన్‌లో ఉంది. టోటల్ లాస్ (బాగుచేసినా లాభం లేనంత నష్టం) అయి క్లెయిమ్ తిరస్కరిస్తే, కారు లేకుండా ఈఎంఐ కట్టుకుంటూ పోవాలి. లోను మిగిలి ఉండగా ట్రాక్‌కి వెళ్లొద్దని అనను. మిగిలిన అసలు ఎంతో చూసి, అంత డబ్బు పోయినా ఇల్లు గడుస్తుందా అని ఇంట్లో కూర్చుని తేల్చుకుని వెళ్లు.

థర్డ్ పార్టీ, అంటే నీ వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం, సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం బీమా తప్పనిసరి అయ్యేది పబ్లిక్ ప్లేస్‌లో నడిపేటప్పుడు. మూసేసిన ట్రాక్ పబ్లిక్ ప్లేసా కాదా అన్నది వాదన. పైగా ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కోసం వాడకూడదన్న షరతు మీరితే, ఆ కారణం చూపించి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు వాదించుకునే హక్కు 150వ సెక్షన్ కంపెనీకి ఇస్తుంది. పాత చట్టంలో ఇది 149. ఒకవేళ బాధితుడికి ముందు చెల్లించమని ట్రిబ్యునల్ ఆదేశించినా, ఆ సొమ్ము తర్వాత నీ దగ్గర వసూలు చేసుకునే వీలు కంపెనీకి ఉంటుంది.

రిలయబిలిటీ ట్రయల్స్, ర్యాలీల కోసం ఐఎంటీ 31 అనే, పాలసీకి అదనంగా జతచేసే ఎండార్స్‌మెంట్ ఉంది. దాన్ని చూసి సంబరపడకు. అందులో కూడా రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్‌కి కవర్ లేదనే రాసి ఉంటుంది. అమెరికా, బ్రిటన్‌లలో ఒక్క రోజుకి ట్రాక్ డే పాలసీ విడిగా అమ్ముతారు. మన దగ్గర ఏజెంటు కౌంటర్లో అడగ్గానే ఇచ్చేది కాదు.

ఇక ఏజెంటు మాట. దాని జోలికి అసలు పోకు. అయిన చోటు మార్చి రాస్తే అది క్లెయిమ్ తిరస్కరణతో ఆగదు, భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం అవుతుంది. సంతకం నీది, ఏజెంటుది కాదు. సర్వేయర్‌కి కారే చెప్పేస్తుంది. టైర్ల భుజాలు కాలి ముద్దలు కట్టి ఉంటాయి. ఫెండర్ లోపల కరిగిన రబ్బరు పలుకులు అంటుకుని ఉంటాయి. రిమ్ములో ట్రాక్ పక్కన పోసిన కంకర ఇరుక్కుని ఉంటుంది, బంపర్‌కి బారియర్ రంగు అంటి ఉంటుంది. ప్రమాదం చిలకపాలెం దగ్గర అయిందని రాసి, ఫాస్టాగ్ చూస్తే కారు ఆ రోజు తమిళనాడులో ఉందని వస్తే ఏం చెప్తావు?

భోగాపురం రోడ్డు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. ప్రభుత్వ అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద పందెం గానీ స్పీడ్ పరీక్ష గానీ పెడితే 189వ సెక్షన్: మొదటిసారి మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, 10,000 వరకు జరిమానా. ఆ వేళకి ఆ రోడ్డు మీద పాలవాళ్లు, చేపల బుట్టలవాళ్లు ఉంటారు. ఆ మాట చెప్పినవాళ్లతో గట్టిగానే వద్దని చెప్పు.

కొత్తవలస_ఓబీడీ (విజయనగరం జిల్లా)

డేటా గురించి నేను రాస్తాను. అందరూ "కారు చూస్తోంది" అని ఒకే మాటలో అనేస్తారు గానీ డేటా మూడు చోట్ల ఉంటుంది, మూడింటికీ మూడు రకాల జాగ్రత్తలు.

మొదటిది కంపెనీ సర్వర్. కారులోని ఈ-సిమ్ లొకేషన్, ట్రిప్పు, స్పీడ్ అలర్టు, డ్రైవింగ్ తీరు లాంటివి పంపుతుంది. ఇది బ్లూలింక్ ఒక్కదాని విషయమే కాదు, కనెక్టెడ్ కార్లన్నిటిదీ ఇదే తరహా. ఇందులో ఏది మూడోవాళ్లకి ఇస్తారన్నది యాప్‌లో నువ్వు ఒప్పుకున్న ప్రైవసీ పాలసీలో ఉంటుంది. దాంట్లో "పార్ట్‌నర్స్", "ఇన్సూరెన్స్" అన్న మాటలు వెతికి ఆ పేరాలు చదువు. ఈ భయం ఊహ కాదు. డ్రైవర్ల లొకేషన్, డ్రైవింగ్ తీరు తగిన అనుమతి లేకుండా అమ్మారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో జనరల్ మోటార్స్, దాని ఆన్‌స్టార్ మీద చర్య ప్రకటించింది. అలాంటి డేటాని, జనాల వివరాలు సేకరించి అమ్మే రిపోర్టింగ్ ఏజెన్సీలకి ఐదేళ్ల పాటు ఇవ్వకూడదన్నది అందులో ప్రధానమైన షరతు. అక్కడ ఆ ఏజెన్సీల దగ్గర నుంచే ఇన్సూరెన్స్ కంపెనీలు కొనుక్కున్నాయి. మన దగ్గర ప్రీమియం లెక్కలో ఇప్పటికీ పెద్ద పీట కారు మోడల్, వయసు, ఐడీవీ (పాలసీలో రాసిన కారు విలువ), నో క్లెయిమ్ బోనస్‌లవే.

అయితే ఒక మినహాయింపు చూసుకో. 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ "పే యాజ్ యూ డ్రైవ్" (తిరిగిన కిలోమీటర్లను బట్టి), "పే హౌ యూ డ్రైవ్" (నడిపిన తీరును బట్టి) యాడ్-ఆన్లకి అనుమతి ఇచ్చింది. నీ పాలసీలో రెండోది ఉంటే నీ డ్రైవింగ్ డేటాని నువ్వే ఒప్పుకుని ఇన్సూరెన్స్ కంపెనీకి ఇస్తున్నట్టు. ఫోన్ యాప్ ద్వారా గానీ కారు స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టులో పెట్టే పరికరం ద్వారా గానీ గట్టి బ్రేకులు, యాక్సిలరేషన్ కొలుస్తారు. ట్రాక్ మీద ప్రతి మలుపూ అందులో తప్పుగానే పడుతుంది. ఆ రోజు పరికరం తీసేయవచ్చా అని ముందే రాతపూర్వకంగా అడుగు, కొన్నిటిలో పీకేయడమే షరతు ఉల్లంఘన. మొదటిది ఉంటే కిలోమీటర్లు లెక్కపెట్టు. శ్రీకాకుళం నుంచి ట్రాక్ దాకా దాదాపు 900 కి.మీ., రానూపోనూ 1,800. ట్రాక్ మీద ఇంకో నూట యాభై వేసుకో. 5,000 కి.మీ. స్లాబు తీసుకున్నవాడికి ఇది చిన్న విషయం కాదు.

డేటా వెళ్లకూడదనుకుంటే సరైన దారి యాప్‌లో ఐచ్ఛికంగా ఉన్న డ్రైవింగ్ స్కోరు, లొకేషన్ షేరింగ్ అనుమతులు ఆపేయడం, లేదా సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకోవడం. యాంటెన్నా పీకడం, ఫ్యూజు తీసేయడం చేయకు. అదే లైను మీద ఎస్ఓఎస్ కాల్, మైకు కూడా ఉండవచ్చు, వైరింగ్ కదిపినందుకు వారంటీ గొడవ అదనం. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేస్తే దొంగతనం జరిగినప్పుడు కారుని వెతికే సౌకర్యం కూడా పోతుంది, అది తెలిసి చెయ్యి.

రెండోది కారు లోపలి డేటా. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ మాడ్యూల్ ప్రమాదానికి ముందు సుమారు ఐదు సెకన్లని దాచుకుంటుంది: స్పీడు, యాక్సిలరేటర్, బ్రేకు, సీటుబెల్టు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూలో ఓవర్-రెవ్ (ఇంజిన్ హద్దు మీరి తిరగడం), అధిక వేడి కోడ్లు, అవి పడ్డ క్షణంలోని రీడింగులు, అంటే ఫ్రీజ్ ఫ్రేమ్, ఉంటాయి. వారంటీ క్లెయిమ్‌కి వెళ్తే సర్వీస్ సెంటర్ స్కానర్ పెట్టి చూసేది వీటినే. రేసింగ్ లాంటి వాడకం వల్ల వచ్చిన రిపేరు వారంటీ కింద రాదని ఓనర్స్ మాన్యువల్లోనే రాసి ఉంటుంది.

మూడోది నువ్వు చేతులారా పెట్టే డేటా. ఇబ్బంది ఎక్కువగా వచ్చేది ఇక్కడే. స్పీడు, లొకేషన్, తేదీ తెర మీద కనిపించే డ్యాష్‌క్యామ్ వీడియో, గూగుల్ టైమ్‌లైన్, ల్యాప్ టైమర్ యాప్ నుంచి షేర్ చేసిన స్క్రీన్‌షాట్. డ్యాష్‌క్యామ్‌లో జీపీఎస్ స్టాంపు ఆపవచ్చు. ల్యాప్ డేటా ఫోన్‌లోనే ఉంచుకుని నేర్చుకోవడానికి వాడుకో, అప్‌లోడ్ చేయకు. పోటీ లేదని చెప్తూ ల్యాప్ టైము గురించి గొప్పగా పోస్టు పెడితే, "టైమింగ్ లేదు" అన్న నీ వాదనని నువ్వే కొట్టేసుకున్నట్టు.

ఈ జాగ్రత్తలన్నీ ట్రాక్‌కి వెళ్లే ముందువి. ప్రమాదం అయ్యాక మెమరీ కార్డు తీసి పారేయడం, ఇన్ఫోటైన్‌మెంట్ రీసెట్ చేయడం ప్రైవసీ కాదు, సాక్ష్యం చెరిపేయడం. ఆ రెండిటికీ మధ్య గీత దాటొద్దు.

గజపతినగరం_గేర్‌బాక్స్

తమ్ముడూ, అందరూ ట్రాక్ లోపలి ప్రమాదం గురించే రాశారు. తిరుగు ప్రయాణం మాటేటి? గేటు దాటి రోడ్డెక్కగానే నీ పాలసీ మామూలుగా వర్తిస్తుంది. కానీ కారుని కండిషన్‌లో ఉంచడానికి తగిన జాగ్రత్తలు తీసుకోవాలన్నది ఆ పాలసీ షరతుల్లోనే ఉంది. బ్రేక్ ప్యాడ్లు ఇనుము తేలే దాకా ట్రాక్ మీద అరగదీసి, అదే కారుతో 900 కి.మీ. వస్తూ ముందున్న లారీని గుద్దితే, ఆ షరతు చూపించడానికి కంపెనీకి కారణం దొరుకుతుంది.

బయల్దేరేటప్పటికి ముందు చక్రాల ప్యాడ్లలో సరుకు కనీసం 6 మి.మీ. ఉండాలి. అంతకన్నా తక్కువైతే కొత్తవి వేయించు, పాతవాటిలో బాగున్న జత డిక్కీలో పెట్టుకో. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లు దాటితే మార్పించు. డాట్ 4 కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ప్రమాణం 155 డిగ్రీలకి పడిపోతుంది. పాత ఫ్లూయిడ్‌తో ట్రాక్‌లో నాలుగో ల్యాపుకే పెడల్ మెత్తబడి నేలకి తగులుతుంది, అందులో ఆవిరి బుడగలు పుట్టడమే కారణం. ఒక్కసారి అలా మరిగిన ఫ్లూయిడ్‌ని నమ్ముకుని ఇంటికి రాకు. సీలు తీయని అర లీటరు డబ్బా పట్టుకెళ్లి, అక్కడే బ్లీడ్ చేయించు (పాతది, గాలి బుడగలు తీయించి కొత్తది పోయించు).

ప్రతి సెషన్‌లో చివరి ల్యాపు బ్రేకు దాదాపు ముట్టకుండా నెమ్మదిగా తిరుగు. లోపలికి వచ్చాక హ్యాండ్‌బ్రేకు లాగకు. ఎన్ లైన్‌కి వెనక కూడా డిస్కులే, వేడి డిస్కుని ప్యాడ్ పట్టుకుని ఉంటే ఆ ఒక్కచోట సమంగా చల్లారదు, తర్వాత పెడల్ వణుకుతుంది. గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టు. టర్బో కాబట్టి ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపు. వేడెక్కిన టైరులో గాలి 4 నుంచి 6 పీఎస్ఐ పెరుగుతుంది. ట్రాక్‌లో తగ్గించినా, టైర్లు పూర్తిగా చల్లారాక డోర్ దగ్గర స్టిక్కర్ చెప్పినంత మళ్లీ నింపే హైవే ఎక్కాలి. వీల్ నట్లు మాన్యువల్ చెప్పిన టార్క్‌కి సెషన్ సెషన్‌కీ టార్క్ రెంచితో చూడు, కాలితో తొక్కి బిగించకు.

టోయింగ్ హుక్కు డిక్కీలో స్పేర్ టైరు దగ్గర ఉంటుంది, ముందే బంపర్‌కి బిగించి ఉంచు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్లు రోడ్డు మీద ఆగిన కారుకి వస్తారు గానీ ట్రాక్ లోపలికి వస్తారని లెక్క పెట్టుకోకు. ఫ్లాట్‌బెడ్ లారీవాడి నంబరు శ్రీపెరంబుదూరు వైపుది ముందే కనుక్కుని, శ్రీకాకుళం దాకా కిలోమీటరుకి ఎంతో అడిగి ఉంచుకో. ట్రాక్ అయిన సాయంత్రమే తిరుగు ప్రయాణం పెట్టుకోకు. పడుకుని, తెల్లారి ప్యాడ్లు, టైర్ల లోపలి అంచులు, ఆయిల్ లెవెల్ చూసి, మొదటి పది కిలోమీటర్లు బ్రేకులు పరీక్షిస్తూ కదులు.

ఈసీయూ రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) ఉంటే అది వేరే తలనొప్పి. కంపెనీకి చెప్పని మార్పు రోడ్డు మీద అయిన క్లెయిమ్‌ని కూడా పాడు చేస్తుంది. ప్యాడ్లు, ఆయిల్ మార్చడం మార్పు కిందకి రాదు.

నాగావళి_టర్బో (శ్రీకాకుళం)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. రీమ్యాప్ లేదు, పే హౌ యూ డ్రైవ్ కూడా లేదు. మరో మూడు. కంపెనీకి మెయిల్ పెడితే నా పేరు మీద ఎర్ర గుర్తు పడదా? షరతు మీరినా 75 శాతం ఇస్తారని ఎవరో అన్నారు, నిజమేనా? నాకే దెబ్బలు తగిలితే హెల్త్ పాలసీ పనిచేస్తుందా?

వంశధార_క్లెయిమ్స్ (నరసన్నపేట)

చివరిదానితో మొదలుపెడతాను, అదే ముఖ్యం. హెల్త్ పాలసీల్లో ఐఆర్‌డీఏఐ ప్రామాణికంగా పెట్టిన ఎక్స్‌క్లూజన్ 09 ఉంటుంది. మోటార్ రేసింగ్ లాంటి ప్రమాదకర క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు తగిలిన దెబ్బలకి చికిత్స ఖర్చు రాదని అందులో ఉంది. ఆ "ప్రొఫెషనల్‌గా" అన్నది నీకు అనుకూలం, నువ్వు ఫీజు కట్టి నేర్చుకోవడానికి వెళ్తున్నావు. ఆస్పత్రిలో చేరితే డిశ్చార్జి సమ్మరీలో "రేసింగ్ ప్రమాదం" అని ఎవరూ ఊరికే రాయకుండా, జరిగింది జరిగినట్టు "మూసి ఉన్న ట్రాక్‌పై డ్రైవింగ్ శిక్షణలో" అని రాయించు. విడిగా తీసుకున్న పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ మాత్రం ఇంకా కఠినం. చాలావాటిలో ప్రొఫెషనలా కాదా అని చూడకుండా చక్రాల మీది రేసింగ్ అంతటినీ తీసేస్తారు. టర్మ్ పాలసీ ప్రపోజల్ ఫారంలో ప్రమాదకర హాబీల ప్రశ్న ఉంటే, ట్రాక్ అలవాటు ఉన్నవాళ్లు దాన్ని దాచకూడదు.

75 శాతం మాట అమలేందు సాహూ కేసుది, సుప్రీంకోర్టు 2010లో ఇచ్చింది. ప్రైవేటు కారుని అద్దెకిచ్చినప్పుడు ప్రమాదం జరిగితే మొత్తం తిరస్కరించకుండా నాన్-స్టాండర్డ్ పద్ధతిలో, అంటే షరతు మీరినా 75 శాతం దాకా ఇచ్చే లెక్కలో, కొంత చెల్లించమన్నారు. దాన్ని ట్రాక్‌కి అతికించడం కష్టం. అద్దెకి తిప్పినంత మాత్రాన ప్రమాదానికి అది కారణం కాదు. ట్రాక్ మీద అయితే ఆ వాడకమే నష్టానికి నేరుగా కారణం. వాదించడానికి పనికొస్తుంది, నమ్ముకోవడానికి కాదు.

మెయిల్ పెట్టు. ఏజెంటుకి కాదు, పాలసీ ఇచ్చిన బ్రాంచిలో రిస్కు చూసి ప్రీమియం తేల్చే అండర్‌రైటింగ్ విభాగానికి. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చాలు: పాలసీ నంబరు, కారు నంబరు, ఫలానా తేదీన ఫలానా ట్రాక్‌లో టైమింగ్ లేని, పోటీ లేని డ్రైవర్ శిక్షణ, ఆర్గనైజర్ బ్రోషర్ జతచేశాను. ఈ వాడకం లిమిటేషన్స్ పేరా కిందకి వస్తుందా, వస్తే అదనపు ప్రీమియంతో ఎండార్స్‌మెంట్ ఇస్తారా, రాతపూర్వకంగా చెప్పండి. ప్రశ్న అడిగినంత మాత్రాన రోడ్డు మీది కవర్ పోదు. "లేదు" అని జవాబు వస్తే నీ లెక్క స్పష్టం. "ఉంది" అని వస్తే ఆ మెయిల్ కాపీ గ్లవ్‌బాక్స్‌లో పెట్టుకో. అలా ఇచ్చిన మాట తర్వాత తప్పితే, ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులో బీమా ఫిర్యాదులు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. ఆంధ్ర మొత్తం ఆ ఆఫీసు పరిధే. ఫీజు లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది.

కొత్తవలస_ఓబీడీ (విజయనగరం జిల్లా)

ప్లేటు సంగతి మిగిలిపోయింది. నంబరు తెలిస్తే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో పూర్తి పేరు రాదు, మధ్య అక్షరాలు దాచి చూపిస్తారు. మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ ఎప్పటి వరకు ఉందో మాత్రం ఎవరికైనా కనిపిస్తాయి. అంచేత ట్రాక్ లోపల ప్లేటు మీద పెయింటర్లు వాడే కాగితం టేపు వేసుకో, ఆర్గనైజర్లు మామూలుగా అభ్యంతరం పెట్టరు. గేటు బయటికి వచ్చే ముందే పూర్తిగా పీకేయాలి. హై సెక్యూరిటీ ప్లేటు కప్పి రోడ్డు ఎక్కడం నేరం, సెల్లో టేపు అయితే జిగురు మిగిలి హోలోగ్రాం పాడవుతుంది.

ట్రాక్ డే రిజిస్ట్రేషన్ ఫారంలో ఫోటో, వీడియో వాడుకునే అనుమతి గడి ఒకటి విడిగా ఉంటుంది. వద్దనుకుంటే కొట్టేసి సంతకం పెట్టు. గడి విడిగా లేకపోతే మెయిల్లో రాసి పంపు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకునే హక్కు అందులో ఉంది గానీ ఆ భాగం పూర్తిగా అమలవడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అప్పటిదాకా ముందే రాసుకున్న కాగితమే నీకు ఆధారం.

అదే ఫారంలో ఇండెమ్నిటీ పేరా కూడా ఆగి చదువు. బారియర్, టైర్ల గోడ విరిగితే ఎవరు కట్టాలి, ట్రాక్ మీద ఆయిల్ కారితే శుభ్రం చేసే ఖర్చు ఎవరిది, రెండు కార్లు తగిలితే ఎవరి నష్టం వాళ్లదేనా, అంబులెన్స్ ట్రాక్ దగ్గరే ఉంటుందా? వీటిలో దేనికి రేటు రాయకుండా ఖాళీ వదిలినా, డబ్బు కట్టే ముందే అడిగి రాయించుకో.